పనసచెట్టు - పట్టణవాసము

పనస మనకు పండుగా తెలిసినంతగా చెట్టుగా తెలియదు. వేసవిలో దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి. నగర్ వీథులలో తోపుడుబండ్లమీద పనసతొనలు కొని తినని కుటుంబము అరుదు. ఆ తొనలు ఎట్టి చెట్టున, ఏ చోట కాయునో కంటితో చూచిన పిల్లలు అంతకంటె అరుదు. హైదరాబాదు నగరపు తూర్పుభాగమున నున్న ఈ వాడలలో ఇండ్లు పెరిగినవి, జనము పెరిగినది, పెరళ్లు తరిగినవి. వేప, జామ, మామిడి, కొబ్బరి ఇంకను అక్కడక్కడ మిగిలియున్నవి. పనసచెట్టు మాత్రము వెదకిన గాని కానరాదు. వర్షారణ్యమున పుట్టిన ఈ చెట్టు మన మెట్టనేలలో బ్రతుకునా? బ్రతికినచో దాని నెక్కడ నాటవలెను? నాటినందువలన మనకు కలుగు ప్రయోజన మేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే మా ప్రసంగోద్దేశము.

పనసకు పుట్టినిల్లు దక్షిణభారతమునందలి పడమటి కనుమల అడవులు. ఏడాది పొడవున పచ్చగా నుండు ఆ అడవులలో సాలుకు 2000 మిల్లీమీటర్లకు మించి వాన కురియు చోట్లు అనేకములు. కర్ణాటకలోని ఆగుంబెలో 7000 మిల్లీమీటర్లు కూడ దాటుచుండును. పెద్దవృక్షముల నీడలో, ఆకులు చివికి ఏర్పడిన లోతైన నేలలో, నీరు నిలువక జారిపోవు వాలుమీద ఈ చెట్టు పుట్టి పెరిగినది. పసితనమున నీడ, వేరు దిగుటకు లోతైన నేల, తడియే గాని నిలువనీరు లేని తావు - ఈ మూడింటిని జ్ఞాపకముంచుకొన్నచో పనస పెంపకములో సగము తెలిసినట్లే.

అచ్చటినుండి పనస సింహళమునకు, బర్మాకు, మలయాకు, ఆ మీదట ఉష్ణమండల దేశములన్నిటికిని వ్యాపించినది. కేరళీయులు పనసను చక్క యందురు. పోర్చుగీసువారు ఆ మాటను తమ భాషలో జాక అని పలికిరి. ఆంగ్లేయులు దానినే జాక్ అనిరి. తమిళులు మామిడి, అరటి, పనసలను ముక్కని యని, అనగా మూడు ఫలములని, కలిపి గౌరవింతురు. బంగ్లాదేశమునకు పనస జాతీయఫలము. కేరళ ప్రభుత్వము 2018 మార్చి 21న దీనిని తమ రాష్ట్రఫలముగా ప్రకటించినది.

మర్రి, రావి, మేడి, మల్బరీ మున్నగునవి పనసకు జ్ఞాతులు. ఆకు త్రుంచినను, కాయ కోసినను పాలు కారుట ఈ వంశమునకు పెట్టినది పేరు. సీమపనస దీనికి మిక్కిలి దగ్గర చుట్టము.

ఈ చెట్టు కాపు చూచువారికి వింతగా నుండును. మామిడివలె కొమ్మల చివరల గాక, పనస మొద్దుమీదను, లావుకొమ్మలమీదను కాయును. పది, ఇరువది కిలోల కాయను సన్నకొమ్మ మోయలేదు గదా! గోదావరి జిల్లాలలో కొబ్బరితోటల నీడన అంతరపంటగా పెంచు కోకోచెట్టు కూడ ఇట్లే మొద్దున కాయును. అదియును వర్షారణ్యపు చెట్టే. పనసకు మగపూగుత్తులు, ఆడపూగుత్తులు వేరు వేరుగా ఒకే చెట్టుకు వచ్చును. మగగుత్తులు పుప్పొడి రాల్చిన పిమ్మట నల్లబడి రాలిపోవును. క్రొత్తగా పెంచువారు వీనిని చూచి పిందె రాలుచున్నదని దిగులుపడుదురు. దిగులుపడ నక్కరలేదు. ఆడగుత్తి మొత్తము ఒక్క కాయగా ఊరును. అందలి ఒక్కొక్క పువ్వు ఫలించి ఒక్కొక్క తొన యగును. ఫలింపని పువ్వులు తొనల నడుమ పీచుగా మిగులును. కావున మనము పనసపండని పిలుచునది నిజమునకు ఒక పండు కాదు. ఒకే తొడిమను పట్టుకొని పెరిగిన అనేక ఫలముల సమూహము. చెట్టుకు కాయు ఫలములలో ఇంత పెద్దది మరియొకటి లేదు.

ఇక ఉపయోగముల మాట. లేతకాయ కూర, ముదురుకాయ వేపుడు, పండు ఫలాహారము, గింజ మరల కూర. ఈ విధముగా పనస ప్రతిదశలోను వంటయింటికి వచ్చును. గోదావరి జిల్లాల పెండ్లివిందులలో ఆవపెట్టిన పనసపొట్టు కూరకు గల మర్యాద తెలుగువారందరును ఎరిగినదే. చేతికిని కత్తికిని నూనె రాచుకొని, పాలు అంటకుండ, కాయను సన్ననిపొట్టుగా కొట్టుట యొక నేర్పు. మన నగరమున శాకాహారుల విందులలో మాంసమునకు బదులు పనసకాయ ముక్కలతో బిర్యాని వండుచున్నారు. హిందీ మాటలాడువారు దీనినే కటహల్ అని అంగడిలో అడుగుదురు. పండిన తొనలలో గట్టితొన, మెత్తతొన యని రెండు రకములు. గట్టితొన పండ్లు దూరప్రయాణమునకు ఓర్చును. మెత్తతొన పండ్లు చేతితోనే విడిపోవును. వీని రసమును ఎండబెట్టి తాండ్రగా చేయుదురు.

నూరు గ్రాముల పండుతొనలలో పిండిపదార్థములు, చక్కెరలు కలిసి సుమారు 23 గ్రాములు, పొటాషియము సుమారు 450 మిల్లీగ్రాములు ఉండును. శక్తి 95 కాలరీల వరకు లభించును. ఇది మంచి ఆహారమే. అయినను మధుమేహము గలవారు పండుతొనలను మితముగా తినవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు పొటాషియము కారణముగా వైద్యుని అడిగి తినుట క్షేమము. గింజలు పారవేయదగినవి కావు. వానిలో మాంసకృత్తులు, పిండిపదార్థము కలవు. అయితే పచ్చిగింజలలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థ మొకటి యుండును. ఉడికించినను, నిప్పులమీద కాల్చినను దాని బలము చెడును. కావున గింజలను వండియే తినవలెను.

పండు నోటికి రుచియైనట్లే పనసకొయ్య చెవికి రుచి. పసుపుపచ్చని ఈ కొయ్య చెదకు లొంగదు, త్వరగా పగులదు, నాదమును చక్కగా పలుకును. మృదంగమును దీనితో చేయుదురు. విజయనగరము జిల్లా బొబ్బిలి సమీపమునందలి గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా చేయుచున్న బొబ్బిలివీణ ప్రసిద్ధమైనది. దానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. ఆ వీణ ప్రత్యేకత యేమనగా, కుండయు దండియు వేరు వేరుగా చేసి అతికినవి కావు. ఒకే పనసమొద్దును తొలిచి రెంటిని మలతురు. ఒక్క మొద్దులో వీణ మొత్తము ఇమిడియుండవలెనన్న ఆ చెట్టు ఎంత వయస్సు గలదై యుండవలెనో ఊహించుకొనవచ్చును. సింహళమునను, బర్మాలోను బౌద్ధభిక్షువుల కాషాయవస్త్రములకు పూర్వము పనసకొయ్య చేవనుండి తీసిన రంగునే వాడెడివారు.

తెలుగునేలమీద పనసకు పేరుపడిన చోటు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. అచ్చట కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకే తోటలో కలసి పెరుగును. 2018 అక్టోబరు 11న తీరము దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలమట్టము చేసినది. వరిపైరు పోయినచో మరుసటి కారున మరల నాటుకొనవచ్చును. పనస పోయినచో గింజనుండి లేచిన మొక్క కాపునకు వచ్చుటకు ఏడెనిమిదేండ్లు పట్టును. దానినుండి కలప రావలెనన్న ఒక తరము గడవవలెను. ఇట్టి చెట్టు ఒక్క సీమలోనే గుంపుగా నుండుట కంటె పలు సీమలలో కొలదికొలదిగా నుండుట దేశమునకు క్షేమము. మన వాడలలో పనసను నాటవలెనని మేము కోరుటకు ఇది యొక కారణము.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. గడ్డిఅన్నారము, ఎల్.బి. నగర్ 2007 వరకు వేరు వేరు పురపాలక సంఘములు. ఆ యేడు అవి మహానగరపాలక సంస్థలో కలిసినవి. కొత్తపేటలో 1986లో ఏర్పడిన గడ్డిఅన్నారము పండ్లమార్కెట్టు మూడు దశాబ్దములకు పైగా నగరమునకంతటికిని పండ్లు పంచిపెట్టినది. 2021లో అది బాటసింగారమునకు తరలినది. ఆ స్థలమున 2022లో పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. అంతకాలము మన ముంగిట పండ్లరాశులు ఉండెను గాని చెట్లు మాత్రము ఎక్కడనో దూరమున నుండెను. ఇప్పుడు రాశులును దూరమైనవి. చెట్టునైనను దగ్గరకు తెచ్చుకొనుట యుక్తము కాదా?

చెట్టు దగ్గరకు వచ్చుటకు నేలయు నింగియు ఒప్పుకొనవలెను. హైదరాబాదున సాలువాన సుమారు 800 మిల్లీమీటర్లు. అదియును చాలభాగము జూను నెల మొదలు అక్టోబరు వరకే. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును, గాలి పొడిగా వీచును. ఎర్రచల్కనేల కొంత లోతువరకే యుండి, దాని క్రింద మొరము, ఆ క్రింద రాయి తగులును. ఇది ఒక చిక్కు. రెండవ చిక్కు దీనికి విరుద్ధమైనది. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగి చుట్టుపట్ల కాలనీలు నీట మునిగినవి. పనసకు దప్పికయు పనికిరాదు, మునకయు పనికిరాదు. దప్పికకు మనము నీరు పోయగలము. వేరు మునిగినచో మాత్రము కొలది దినములలోనే కుళ్లును. కావున చెరువు దిగువను, వాననీరు నిలుచు పల్లములోను పనసను నాటుట వ్యర్థము. కొంచెము మెరకగా నుండి, గడ్డపార ఒక మీటరు లోతువరకు సులభముగా దిగు చోటును ఎన్నుకొనవలెను. గుంతలో బిందెడు నీరు పోసి చూడుడు. కొన్ని గంటలలో అది ఇంకిపోయినచో ఆ చోటు మంచిది. మరునాటికిని నిలిచియున్నచో వేరొక చోటు వెదకవలెను.

ఇంటి ఆవరణలో నాటవచ్చునా యని చాలమంది అడుగుదురు. నూటయాబది, రెండువందల గజముల స్థలమున ఇల్లు కట్టుకొన్నవారికి మేము వద్దనియే చెప్పుదుము. పనస పది, పదునైదు మీటర్ల ఎత్తు పెరుగును. చెట్టునకును చెట్టునకును పది మీటర్ల ఎడము కావలెను. ప్రహరీగోడ ప్రక్కన, నీటితొట్టి ప్రక్కన అది ఇమడదు. కాలిబాటమీద నాటుట అంతకంటె ప్రమాదకరము. పదికిలోల కాయ ఎవరి తలపై పడినను, నిలిపిన బండిపై పడినను కలుగు నష్టము చిన్నది కాదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడచుట మొదలైన పిమ్మట పెద్దరోడ్డు మీద ఆకాశము కూడ ఖాళీగా లేదు.

అయినచో ఎక్కడ? పాఠశాలల ఆవరణలలో, ఆటస్థలమునకు ఎడముగా ఒక మూలను. కాలనీ ఉద్యానములలో, నడకదారికి దూరముగా. దేవాలయముల వెనుక. విశాలమైన ఆవరణ గల కార్యాలయములలో. మన ఉద్యానములలో త్వరగా పెరుగునను కారణమున కోనోకార్పస్ మొక్కలను వరుసలుగా నాటుట కొన్నేండ్లు సాగినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము వానిని ఇక నాటవలదని చెప్పినది. త్వరగా పెరుగుట యొక్కటే చెట్టునకు గుణము కాదని ఆ అనుభవము తెలుపుచున్నది. ఆ తావులలో కొన్నిటినైనను నీడ, కూర, పండు, కలప నాలుగును ఇచ్చు చెట్టునకు కేటాయించుట మేలు.

పెంపకపు పద్ధతిని సంగ్రహముగా చెప్పుదుము. మే నెలలో పొడవు, వెడల్పు, లోతు ఒక్కొక్క మీటరు ఉండునట్లు గుంత త్రవ్వి ఎండనీయవలెను. మొరము తగిలినచో దానిని తీసి పారవేసి, పైమన్నును, బాగుగా చివికిన పశువులయెరువును, కొంచెము వేపపిండిని కలిపి నింపవలెను. తొలివానలు పడి నేల చల్లబడిన పిమ్మట జూను, జూలై నెలలలో నాటవలెను.

గింజనుండి మొక్కను లేపదలచినవారు ఒక సంగతి మరువరాదు. వడ్లవలె, కందులవలె పనసగింజను ఎండబెట్టి దాచిన మొలవదు. తడి ఆరినకొలది దాని జీవము పోవును. తిన్న వారములోనే కడిగి మట్టిలో పెట్టవలెను. దీని తల్లివేరు సూటిగా లోతునకు దిగును. అది తెగినచో మొక్క కోలుకొనుట కష్టము. కావున గుంతలోనే గింజ పెట్టుట ఉత్తమము. సంచిలో లేపినచో వేరు అడుగున చుట్టుకొనకమునుపే, మట్టిగడ్డ చెదరకుండ నాటవలెను. గింజమొక్క తల్లిచెట్టు గుణమునే తెచ్చునను నమ్మకము లేదు. తీయనిపండు గింజ నాటినను చప్పనిపండ్లు కాయవచ్చును.

గుణము నిలువవలెనన్న అంటుమొక్క కావలెను. అంటుకట్టుట మనకు క్రొత్తది కాదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్ల పెంపకమును గూర్చి చెప్పుచు, అంటుకట్టి పెంచదగిన వృక్షములలో పనసను పేర్కొన్నాడు. అంటుమొక్క మూడు, నాలుగేండ్లకే కాపునకు వచ్చును. బెంగుళూరునందలి భారతీయ ఉద్యానపరిశోధనా సంస్థ తుమకూరు జిల్లాలోని ఒక రైతుతోటలో గుర్తించి ప్రచారములోనికి తెచ్చిన సిద్దు అను రకమున కాయ సగటున రెండున్నర కిలోలు మాత్రమే యుండును. తొన ఎరుపుచాయ గలది. కాయ పడిన ప్రమాద మగు పట్టణములకును, నలుగురే యుండు కుటుంబములకును ఇట్టి చిన్నకాయ రకము అనుకూలము.

నాటిన మొదటి రెండు వేసవులు పడమటి ఎండ తగులకుండ తాటాకుతోనో కొబ్బరిమట్టతోనో నీడ కట్టవలెను. అడవిలో పెద్దచెట్లు చేసిన పని ఇక్కడ మనము చేయవలెను. మొదటి మూడేండ్లు వేసవిలో వారమునకు రెండు పర్యాయములు నీరు పోయవలెను. ఆకులను, గడ్డిని మొదట పరచినచో తడి నిలుచును. అయితే ఆ ఆకులు కాండమునకు ఆనరాదు. వానకాలమున పాదు పూడ్చి, మొదలు కొంచెము మెరకగా నుండునట్లు మన్ను ఎగద్రోయవలెను. శీతకాలమున పూగుత్తులు వచ్చును. పిందెలమీద బూజుపట్టి నల్లగా కుళ్లుట కనిపించినచో ఆ పిందెలను తీసి దూరముగా పాతిపెట్టవలెను. లేతచెట్టున కాయలు గుంపుగా వచ్చినచో కొన్నిటిని పిందెలుగానే కోసి కూర వండుకొనవలెను. మిగిలినవి బలముగా ఊరును. తట్టిన బోలుగా మ్రోగుట, ముండ్లు విడివడి మొద్దుబారుట, వాసన వచ్చుట - ఇవి కాయ ముదిరినదనుటకు గుర్తులు. పండి రాలువరకు చెట్టున నుంచక, ఈ గుర్తులు కనబడగనే త్రాడుకట్టి దింపవలెను. చెట్టు బహిరంగస్థలమున నున్నప్పుడు ఈ నియమమును తప్పరాదు.

పదిమంది తిరుగు చోట చెట్టు నాటినచో కాయలు ఎవరివి యను తగవు వచ్చునని కొందరి సందేహము. జామచెట్టునకు ఆ తగవు రావచ్చును, ఏలయన జామకాయ ఒక్కని జేబులో పట్టును. పన్నెండు కిలోల పనసపండును కోసినవాడు దానిని ఒంటరిగా తినలేడు, దాచుకొనను లేడు. కోసిన దినముననే ఇరుగుపొరుగులకు పంచి తీరవలెను. పంచుకొనక తప్పని పండు గనుకనే అది వాడకంతటికిని చెట్టుగా నుండదగినది. కాలనీ సంఘమువారు చెట్టునకు ఒకరిని బాధ్యునిగా నిర్ణయించి, వేసవినీటికిని, కాయ దింపుటకును ముందే ఏర్పాటు చేసికొన్నచో మిగిలినది సులభము.

మొదట అడిగిన ప్రశ్నలలో రెండింటికి ఇంతవరకు సమాధానము వచ్చినది. చోటు ఎక్కడనో చెప్పితిమి, లాభమేమియో చెప్పితిమి. బ్రతుకునా యను ప్రశ్నకు సమాధానము మాత్రము నేలమీద కంటె మనమీదనే ఎక్కువగా ఆధారపడియున్నది. మొక్కలు నాటు ఉత్సవములు మనకు కొదువలేదు. నాటిన మూడవ వేసవికి నీరు పోయువారే కొదువ. ఒకటవ తరగతిలో చేరిన బాలుడు ఆ వానకాలమున తన బడిలో పెట్టిన పనసగింజ, అతడు ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి తొలికాపు కాయవచ్చును. ఆ నడుమ వచ్చు సెలవుదినములలో, బడి మూతపడియున్న ఏప్రిల్, మే నెలలలో, ఆ మొక్కకు వారమునకు రెండు బిందెల నీరు ఎవరు పోయుదురో ముందుగా నిర్ణయించుకొని, ఆ పిమ్మటనే గుంత త్రవ్వుడని మా మనవి.